బొటనవేలి ఖరీదు

వరి కోత మిషన్‌లో చెయ్యి పడిందనో, రొయ్యల చెరువు మీద ఏరేటర్ కరెంటు కొట్టిందనో కబురు రాగానే మా హంసలదీవి వైపు ముందు జరిగేది రాజీ. పెద్దమనుషులు కూర్చుంటారు, ఎంతో కొంత ఇప్పిస్తారు, తెల్లకాగితం మీద వేలిముద్ర. చట్టం లెక్క ఎంతో అక్కడ ఎవరూ అడగరు.

పనిలో గాయపడ్డవారికి నష్టపరిహారం ఇప్పించే చట్టం 1923 నాటిది. 2009 సవరణలో దాని పేరు మారింది. పేరు సంగతి సరే, అసలు మార్పు జీతం పరిమితిలో వచ్చింది. కూలీ ఎంత సంపాదించినా నష్టపరిహారానికి లెక్కేసే నెల జీతం 2010 నుంచి 8,000 దాటేది కాదు. 2020 జనవరిలో అది 15,000 అయింది. నలభై ఏళ్ల మనిషికి బొటనవేలు తెగితే 30 శాతం వైకల్యం. నెలకు 15,000 వచ్చేవాడైతే పాత పరిమితిలో సుమారు 2.65 లక్షలు, ఇప్పుడు 4.97 లక్షలు. పదేళ్లు ఆ పరిమితిని కదపకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకొచ్చింది. పనికి వెళ్తూ, వస్తూ దారిలో జరిగిన ప్రమాదానికీ, పనితో సంబంధం ఉందని తేలితే, పరిహారం ఉంది. కోడూరు రోడ్డు మీద తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే కూలీలకు ఇది చిన్న విషయం కాదు.

నెలనెలా వచ్చే దివ్యాంగుల పింఛను (2024 జులై నుంచి 6,000) వేరు, ఈ పరిహారం వేరు. అది ప్రభుత్వం ఇచ్చేది, ఇది యజమాని బాకీ. పరిహారం దరఖాస్తుకు గడువు రెండేళ్లు.