సారపాక దగ్గర ఆగిన జీపు

మా ఇంటికి నాకంటే ముందే వచ్చింది మామయ్యగారి పాత డీజిల్ జీపు. "అమ్మేద్దామండీ" అని నేనన్నప్పుడల్లా, "నాన్న ఉన్నంతకాలం ఆ మాటెత్తకు" అంటారు మావారు.

పోయినేడు శ్రీరామనవమికి ఖమ్మం నుంచి అందులోనే భద్రాచలం బయల్దేరాం. మామయ్యగారికి 78 ఏళ్లు. "ఈ ఒక్కసారి కల్యాణం కళ్లారా చూస్తానమ్మా" అన్నారు. పాల్వంచ దాటాక అడవిలో రోడ్డు పక్కన ఇప్పపూలు రాలి ఉన్నాయి. అక్కడిదాకా జీపు బుద్ధిగానే నడిచింది. సారపాక దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. గోదావరి వంతెన ఇంకా కనబడనే లేదు. ఇంజను ఆపకుండా అంగుళం అంగుళం జరుగుతుంటే, కాసేపటికే ముల్లు ఎరుపులోకి వెళ్లింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి!

మావారు గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తీయబోయారు. "ముట్టుకోకురా!" అని మామయ్యగారు అరిచిన అరుపు నేనెప్పుడూ వినలేదు. ఆయన కుడి ముంజేతి మీద పెద్ద మచ్చ ఉంటుంది. ఎప్పుడో ఈ జీపు పెట్టిన వాతేనట అది.

మన కుక్కరు లాంటిదే ఆ మూత కూడా. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీస్తే మాత్రం ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. విజిల్ పోకుండా కుక్కరు మూత తీస్తామా మనం?

చల్లారేసరికి గంట దాటింది. ముహూర్తం వెళ్లిపోయింది. మామయ్యగారు చెట్టుకింద కూర్చుని ఫోన్లో కల్యాణం చూశారు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఖమ్మం వచ్చాక మెకానిక్ భాయ్ విడమరిచి చెప్పాడు. "పాత బండికి ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతుందమ్మా. ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. రోడ్డు మీద పరుగెడుతుంటే ఎదురుగాలి సాయం చేస్తుంది. ఆగితే ఆ గాలీ ఉండదు." బ్యాటరీతో తిరిగే కరెంటు ఫ్యాను పెడితే, బండి ఆగినా అది పూర్తి వేగంతో తిరుగుతుందట.

మావారు వెంటనే పెట్టెయ్యమన్నారు. భాయ్ ఒప్పుకోలేదు. ముందు రేడియేటరు విప్పి కడిగాడు. ఎంత తుప్పు, ఎంత బురద! "ఇది మూసుకుపోయి ఉంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా దండగే" అన్నాడు. ఫ్యానుకి సరిపడా కరెంటు బండిలో తయారవుతోందో లేదో చూశాకే బిగించాడు. వేడి పెరిగితే దానంతటదే తిరిగేలా స్విచ్చు, విడిగా ఫ్యూజు పెట్టాడు. వైర్లు తిరగబడితే గాలి వెనక్కి తోస్తుందని, రేడియేటరు ముందు ఒక పేపరు ముక్క పెట్టి చూపించాడు. లోపలికి లాగి అతుక్కుంది. సరిగ్గా ఉన్నట్టే.

ఈ ఏడు నవమికి మళ్లీ సారపాక, మళ్లీ అదే వరస. ముల్లు పైకి జరుగుతుంటే నా గుండె దడదడ. ఇంతలో ముందు నుంచి 'బుర్ర్'మని చప్పుడు. ముల్లు నెమ్మదిగా దిగింది. మామయ్యగారు కల్యాణం చూశారు. తలంబ్రాలు కొంగున కట్టుకుని నేను వెనక్కి వచ్చాను.

ఇంటి ముందు ఇంజను ఆపేశాక కూడా ఫ్యాను కాసేపు తిరుగుతూనే ఉంది. మావారు కంగారుపడ్డారు. మామయ్యగారు నవ్వి, "తిరగనీరా. ఆగిన వెంటనే ఎవరికి వేడి తగ్గుతుంది?" అన్నారు.

జీపు అమ్మేద్దామని నేను మళ్లీ అనలేదు.