కలుపుకు కూలీలం మనమే

గట్ల మీద తిరిగొచ్చాక ఎప్పుడైనా మీ పంచె అంచు చూసుకున్నారా? చీర కుచ్చిళ్లైనా అంతే. ఉత్తరేణి గింజలు వరసగా పట్టుకుని ఉంటాయి. మనం అరుగు మీద కూర్చుని, విసుక్కుంటూ ఒక్కొక్కటే పీకి పెరట్లోకి విసురుతాం. దానికి కావలసిందీ అదే! పల్లేరుది కాస్త మొరటు పద్ధతి. చెప్పు అట్టలోకో సైకిల్ టైరులోకో ముల్లు దింపి, టికెట్ లేకుండా పక్క ఊరు చేరుతుంది.

కలుపు దానంతటదే వచ్చిందని తిట్టుకుంటాం గానీ, నన్నడిగితే సగం చాకిరీ మనదే. వయ్యారిభామనే తీసుకోండి. 1950ల మధ్యలో పుణెలో కంటబడిన ఈ పరదేశీ మొక్క ఇప్పుడు లేని ఊరుందా? మొలిచిన నెల రోజులకే పూతకొస్తుంది. ఏపుగా ఎదిగిన మొక్క 15 వేలకు పైగా గింజలు రాలుస్తుంది. గాలి కొన్నిటిని మోస్తే, ట్రాక్టరు టైర్ల బురద, సగం మాగిన పశువుల ఎరువు మిగతావాటిని చేలోకి చేరుస్తాయి.

తుంగకు గింజలతో పెద్దగా పనే లేదు. భూమిలో గడ్డలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. తడినేలలో రోటవేటర్ తిప్పామా, గొలుసు తెగి దేనికదే మొలకేస్తుంది. దుక్కితో ఇంకో తంటా కూడా ఉంది: లోపల నిద్రపోతున్న చిన్న గింజల్లో చాలావాటికి కాస్త వెలుగు తగిలితే చాలు, మేలుకుంటాయి. ఆ నిద్ర ఎంతకాలమనుకున్నారు? విలియం బీల్ అనే ఆయన 1879లో మిషిగన్‌లో సీసాల్లో పాతిపెట్టిన గింజల్లో కొన్ని, 2021లో తవ్వి తీసినా మొలిచాయి!

వీటన్నిటికన్నా గడుసుది ఊద. నారుమడిలో దాన్ని వరి నుంచి విడదీయాలంటే ఆకు మొదలు విప్పి చూడాలి. వరికి అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఈ మారువేషం నేర్పిందెవరు? తరతరాలుగా కలుపు తీసిన చేతులే. తేడాగా కనిపించినదాన్ని పీకేశాం, వరిలా నిలబడ్డది బతికి గింజ కట్టింది. పైగా వరి కోతకు ముందే చాలా గింజలు రాల్చేసుకుంటుంది. మిగిలినవి వడ్లతో కలిసి ఇంటికొచ్చి, వచ్చే ఏడు మనమే చల్లితే మళ్లీ మడికెళ్తాయి.

అందుకే, కలుపు తీయాలంటే పూతకు ముందే తీయాలి. విత్తే ముందు ఒక తడి ఇచ్చి, మొలిచినదాన్ని పైపైనే కలియదున్నితే ఇంకా మేలు. అన్నట్టు, కంకి వేశాక పీకిన ఊదను ఏం చేస్తున్నారు? గట్టు మీదేనా పడేస్తున్నది?