తలపాగా రాష్ట్రపతి

మా ఇంట్లో రాష్ట్రపతుల విదేశీ పర్యటనల మీద గొడవ జరిగేది. నవ్వకండి. కొన్ని ఇళ్లలో సినిమా హీరోల మీద, కొన్ని ఇళ్లలో క్రికెట్ మీద జరిగినట్టే, మా ఇంట్లో దీనిమీద.

నాన్న రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆయనకి సర్వేపల్లి రాధాకృష్ణన్ అంటే ప్రాణం. 1963లో రాధాకృష్ణన్ అమెరికా వెళ్లి కెనెడీని కలిసినప్పటి పేపరు కటింగు ఒకటి, మడతల దగ్గర చిరిగిపోయి, పసుపురంగుకి తిరిగిపోయి, ఆయన డిక్షనరీలో ఉండేది. నేనేమో మూడునెలలకోసారి జీతమిచ్చే ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. సహజంగానే ఒళ్లు మండుతూ ఉండేది. ‘అధికారమంతా ప్రధానమంత్రిది. రాష్ట్రపతి వెళ్లి చేసేదేముంది నాన్నా? సైనిక వందనం తీసుకోవడం, విందు తినడం, ప్రభుత్వం ఒప్పుకున్న ప్రసంగం చదివి రావడం. ఖర్చేమో మనది’ అనేవాణ్ని.

నాన్న జవాబు ఎప్పుడూ ఒకటే. ‘పెళ్లికి ఇంటిపెద్ద వెళ్లి ఏం చేస్తాడ్రా? వంట చేస్తాడా, సన్నాయి వాయిస్తాడా? వెళ్లకపోతే మాత్రం అందరూ అడుగుతారు.’

2006లో నాకు ఇథియోపియాలో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అక్కడి యూనివర్సిటీలకి మనవాళ్లు బాగా వెళ్లేవారు. నాకు జిమ్మా ఊళ్లో పడింది. అమ్మ ఏడ్చింది. ‘కరవు దేశం, ఏం తింటావురా’ అని ఒక పచ్చడి జాడీ సూట్‌కేసులో కుక్కింది. తీరా వెళ్తే అది కాఫీ పుట్టిన సీమ! వర్షాలే వర్షాలు. వాళ్లు తినే ఇంజెర మన పులిసిన పిండి దోసెకి చెల్లెలు. గడియారం మాత్రం అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టింది. మన ఉదయం ఏడు వాళ్లకి ఒంటిగంట.

మా ఇంటి ఓనరు ప్రభుత్వ గుమాస్తా. పెద్దవాళ్లని వాళ్లు ‘గాషే’ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. మొదటి ఆదివారం కాఫీకి రమ్మన్నారు. వాళ్లింట్లో కాఫీ అంటే గంట పని. గింజలు మన ఎదుటే వేయించి, దంచి, మూడు విడతలు పోస్తారు. రెండో విడతలో గాషే అడిగారు... ‘మీ రాష్ట్రపతి ఇంకా తలపాగా కడతాడా?’

అప్పుడు కలాంగారు. ఆ జుట్టుకి తలపాగా ఏమిటని నాకు నవ్వొచ్చింది. కానీ గాషే అడుగుతున్నది రాధాకృష్ణన్ గురించి! 1965లో ఆయన రాష్ట్రపతి హోదాలో ఇథియోపియా వచ్చారు. గాషే అప్పుడు అడిస్ అబాబాలో చిన్నక్లాసు పిల్లాడు. బడి పిల్లలందర్నీ రోడ్డు పక్కన నిలబెట్టి కాగితం జెండాలిచ్చారట. ముందురోజే రోడ్డుకి సున్నం కొట్టారట. (ఏ దేశమైనా ఇంతే! మా ఊళ్లో గుంతలు పూడాలంటే మంత్రి రావాల్సిందే.) కారు వెళ్లడానికి అరనిమిషం పట్టింది. తెల్లతలపాగా ఒకటి కనిపించి మాయమైంది.

‘నాకు గుర్తుండిపోయింది అది కాదు’ అన్నారు గాషే. ‘మా లెక్కల మాస్టారు ఇండియా ఆయన. కేరళ. చాలా కఠినం. కారు వెళ్లిపోయాక ఆయన అటువైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మాస్టార్లు కూడా ఏడుస్తారని ఆరోజే తెలిసింది.’

చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఇల్లు వదిలి అప్పటికి ఇరవై రోజులు. ఆ మాస్టారు ఎందుకు ఏడ్చాడో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత 1972లో వి.వి.గిరి వచ్చారు. అంటే ఆ దేశానికి వెళ్లిన మొదటి ఇద్దరు భారత రాష్ట్రపతులూ తెలుగు మాట్లాడేవాళ్లే. గిరిగారిని చూశారా అని ఉత్సాహంగా అడిగాను. గాషే తల అడ్డంగా ఊపారు. అప్పటికి జెండా ఊపే వయసు దాటింది, చక్రవర్తికి వ్యతిరేకంగా నినాదాలిచ్చే వయసొచ్చింది. ఆ మరుసటేడు వొల్లో ప్రాంతంలో కరవుకి జనం పిట్టల్లా రాలిపోయారు. రాజ్యం ఆ సంగతిని దాచిపెట్టింది. 1974లో హైలే సెలాసీ సింహాసనమే పోయింది. కార్మికుల మధ్య బతికిన గిరిగారికి ఆ రాజభవనంలో ఊళ్ల సంగతి ఎవరు చెప్పి ఉంటారు? అతిథిని తీసుకెళ్లే దారి ఎప్పుడూ సున్నం కొట్టిన దారే. ఈ ఒక్క విషయంలో నా పాత వాదన నేనిప్పటికీ వదులుకోను.

ఆ తర్వాత మన రాష్ట్రపతి ఎవరూ అటు రాలేదు. ‘మావాళ్ల మీద కోపమా?’ అని గాషే అడిగేవారు. 2004లో కలాం టాంజానియా, దక్షిణాఫ్రికా వెళ్లారు. జొహానెస్‌బర్గ్‌లో ఆఫ్రికా దేశాల పార్లమెంటు ముందు మాట్లాడుతూ, ఖండమంతటినీ మన ఆస్పత్రులతో, యూనివర్సిటీలతో కలిపే నెట్‌వర్క్ ఆలోచన చెప్పారు. దాని ప్రయోగం 2007లో మొదలైంది ఇథియోపియాలోనే. అడిస్‌లోని బ్లాక్ లయన్ ఆస్పత్రిని కలిపింది మన హైదరాబాద్ కేర్ ఆస్పత్రితో! గాషేకి గొప్పగా చెప్పాను. ఆయన విని, ‘మంచిదే, కానీ మనిషి రాలేదుగా’ అన్నారు. అచ్చం మా నాన్నే.

2008లో గాషే పెద్దకొడుకు ఎమ్మెస్సీకి విశాఖపట్నం వెళ్లాడు, ఆంధ్రా యూనివర్సిటీకి. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వైస్‌చాన్సలర్‌గా చేసిన చోటు. ఆ మాట చెప్పాకే వాళ్లమ్మ ఒప్పుకుంది. మా ఇల్లు అక్కడికి దగ్గరే, ఎంవీపీ కాలనీ. ఆదివారాలు అమ్మ చేతి భోజనానికి వచ్చేవాడు. నాన్న వాడికి కటింగు చూపించాడు. వాడు వాళ్ల నాన్న జెండా కథ చెప్పాడు. ఆ రాత్రే ఫోను: ‘ఏరా, దండగ ఖర్చన్నావుగా?’

2009 ఆగస్టులో ఒక అర్ధరాత్రి నాన్నకి గుండెనొప్పి వచ్చింది. అమ్మకి ఏం చేయాలో తోచక ఆ అబ్బాయికి ఫోన్ చేసింది. హాస్టల్ నుంచి పరుగెత్తుకొచ్చి, నాన్నని రెండంతస్తులు మోసుకుని దింపి, ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. నేను జిమ్మాలో గాషే ఇంటి వరండాలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. సిగ్నలు వచ్చేది, పోయేది. గాషే భార్య ఆ వేళప్పుడు కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టింది. మూడో విడత పోస్తుండగా వాళ్లబ్బాయి చెప్పాడు, గండం గడిచిందని.

నాన్న ఆ తర్వాత అయిదేళ్లు బతికాడు. 2017 అక్టోబరులో రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రపతిగా తన తొలి విదేశీ పర్యటనకి జిబౌటీ, ఇథియోపియాలని ఎంచుకున్నారు. గిరిగారి తర్వాత నలభై అయిదేళ్లకి. పేపర్లో చిన్న వార్త. కత్తిరించి నాన్న డిక్షనరీలో, కెనెడీ కటింగు పక్కన పెట్టాను.

సాయంత్రం జిమ్మా నుంచి ఫోన్.

‘టీవీలో చూశాను, వచ్చాడు’ అన్నారు గాషే. కాసేపాగి అడిగారు, ‘తలపాగా లేదేం?’