దండేనికి ఆనిన గడ

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మా పాత మేడ మీద దండెం తీగకి ఒక వెదురు గడ ఊతం. తడి బట్టల బరువుకి తీగ కుంగితే అమ్మ దాన్ని కాస్త నిటారుగా జరుపుతుంది. కింది కొసకి తుప్పుపట్టిన ఇనప పొన్ను. నడిమధ్య, రెండు జానల మేర, వెదురు అద్దంలా నున్నబడింది. ఆ నునుపు మా తాతయ్య అరచేతులది.

ఆయన బకింగ్‌హాం కాలువ మీద పడవ నడిపినవాడు. పెదగంజాం నుంచి మద్రాసు దాకా ఉప్పు, బియ్యం, కట్టెలు. గాలి ఉంటే తెరచాప, గాలి పడిపోతే గడ, గడా చాలకపోతే గట్టు వెంట నడుస్తూ భుజాన తాడు. ఇసుక దిబ్బల అవతల సముద్రం రాత్రంతా హోరుమనేదట. కాలువ మాత్రం నోరు విప్పేది కాదట.

ఆ కాలువ తొలి ముక్క, మద్రాసు నుంచి ఎన్నూరు దాకా, తవ్వింది 1806లో. సికింద్రాబాద్‌కి ఆ పేరు పడిందీ ఆ ఏడే. 1965, 66 తుపాన్లు కాలువను దెబ్బతీశాయి. పడవలు పలచబడ్డాయి. తాతయ్య ఈ గడ పట్టుకుని రైలెక్కాడు.

నీళ్లు లేని చోట గడతో ఏం పని? చిన్నప్పుడు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రం స్టేషన్‌లో రైలు కూస్తుంది. గాలి లేస్తుంది. అమ్మ తెల్లచీర తెరచాపలా నిండుతుంది. గడ సన్నగా కిర్రుమంటుంది. మేడ కదలదు. అయినా ఆ క్షణాన ఏదో రేవు దాటుతున్నట్టే ఉంటుంది.