డెత్ వాలీలో గాలి లెక్క

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించడానికి మన బే ఏరియా వాళ్ళందరి దగ్గరా ఒక జాబితా ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, యోసెమిటీ, ఓపిక ఉంటే లాస్ వేగాస్. మూడు నెలలు తిరిగేసరికి అవన్నీ అయిపోతాయి. "ఇంకేముందిరా ఇక్కడ?" అని అడిగే రోజు రానే వస్తుంది. ఆ రోజు కోసం నేను దాచుకునేది డెత్ వాలీ.

పేరు విని జడుసుకోకండి. 1913 జూలై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే మన లెక్కలో దాదాపు 57 డిగ్రీల ఎండ నమోదైన మాట నిజమే. దాని ముందు మన రెంటచింతల, రామగుండం కూడా చల్లని ఊళ్ళే! కానీ డిసెంబరు, జనవరి నెలల్లో పగటి ఎండ సంక్రాంతి ఎండలా హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం స్వెట్టరు తప్పదు.

మొన్న డిసెంబరులో అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, అబ్బాయి, నేను, అయిదుగురం మా ఎలక్ట్రిక్ కారులో ఫ్రీమాంట్ నుంచి బయలుదేరాం. దారి గురించి ఎవరూ పెద్దగా అడగలేదు గానీ, టైర్లలో గాలి గురించి మాత్రం వారం ముందు నుంచే సలహాలు మొదలయ్యాయి. "50 కొట్టించు, చార్జింగు కలిసొస్తుంది" అని ఒక మిత్రుడు. "ఎడారి వేడికి గాలి పెరిగి టైరు పేలుతుంది, 35కి దించెయ్" అని ఇంకొకాయన. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన ఇద్దరి మాటా విని, డ్రైవరు తలుపు తీసి, లోపలి స్తంభానికి అంటించిన స్టిక్కరు చూపించి "ఏం రాశాడురా ఇక్కడ?" అన్నారు. 42 పి.ఎస్.ఐ., టైరు చల్లగా ఉన్నప్పుడు అని ఉంది. "మరింకేం?" అని తలుపు వేసేశారు.

టైరు పక్కన ఇంకో అంకె ఉంటుంది, 50 అనో 51 అనో. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మన కారుకి కావలసినది కాదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. పెట్రోలు కార్లలో చాలావాటికి 33, 35 సరిపోతుంటే మన వాటికి ఎక్కువ ఎందుకంటే, బరువు. మా కారు సైజు వాటిలో బాటరీ ఒక్కటే సుమారు వెయ్యి పౌన్లుంటుంది. గాలి తగ్గితే ఆ బరువుకి టైరు పక్కలు నలిగి, వేడెక్కి, చివరికి చిరుగుతాయి. పేలుడు భయం నిజానికి తక్కువ గాలితోనే.

అక్కడ చిరిగితే మాటలు కాదు. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. పార్కులో చాలా చోట్ల ఫోను పలకదు. డెబ్భై దాటిన ఇద్దరిని పక్కన కూచోబెట్టుకుని టో ట్రక్కు కోసం ఎదురుచూడడం ఎవరికీ సరదా కాదు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఉందిగా అనకండి. 2007 సెప్టెంబరు తర్వాత అమెరికాలో తయారయ్యే ప్రతి కొత్త కారుకీ అది తప్పనిసరే. కానీ గాలి పావు వంతు తగ్గిపోయేదాకా అది వెలగాలని చట్టం అడగదు. అంటే 42కి బదులు 32 దగ్గర నడుస్తున్నా ఊరుకోవచ్చు.

మొదటి రాత్రి రిడ్జ్‌క్రెస్ట్‌లో ఆగాం. తెల్లారి లేస్తే కారు అద్దాల మీద మంచు, 30 డిగ్రీలు. నాన్నగారు కాఫీ కూడా తాగకుండా గేజి పట్టుకుని కిందికి దిగారు. ఇంటి దగ్గర 60 డిగ్రీల గరాజులో సరిగ్గా 42 పెట్టిన టైర్లు 40 చూపించాయి. ఎక్కడా కారలేదు. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీటుకి ఒక పి.ఎస్.ఐ. చొప్పున చలికి మూడు తగ్గింది. రిడ్జ్‌క్రెస్ట్ రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది, బయటి గాలి పలచన కాబట్టి గేజి మీద ఒకటి పెరిగింది. వెంట తీసుకెళ్ళిన చిన్న కంప్రెసరుతో మళ్ళీ 42 చేశాం.

అన్నట్టు, కాలిఫోర్నియా చట్టం ప్రకారం పెట్రోలు కొన్నవాళ్ళకి బంకులో గాలీ నీళ్ళూ ఉచితం. మనం పెట్రోలు కొనం కదా, ఆ గాలి మనకి చెల్లదు! చార్జింగు స్టేషన్లలో గాలి పంపు ఉంటుందన్న నమ్మకం లేదు. నలభై, యాభై డాలర్ల కంప్రెసరు ఒకటి డిక్కీలో పడేసుకోండి.

ట్రోనా ఊరు దాటి, పానమింట్ లోయ మీదుగా 4,956 అడుగుల టౌన్ పాస్ ఎక్కుతుంటే తెర మీద అంకె 45కి చేరింది. వెనక నుంచి అమ్మ చూసింది. "ఒరేయ్, గాలి పెరిగిపోతోందిరా, ఆపి కాస్త తియ్యి!" నాన్నగారు కదల్లేదు. "పరిగెత్తితే మనిషికి ఒళ్ళు వేడెక్కదూ? టైరూ అంతే. ఇప్పుడు తీస్తే రేపు పొద్దున చప్పబడుతుంది" అన్నారు. చల్లని టైరుకి రాసిన అంకెలో ఈ పెరుగుదల లెక్క ముందే ఉంది. వేడి టైరులోంచి గాలి తీయడమంత పొరపాటు ఇంకోటి లేదని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

పాస్ దిగితే డెత్ వాలీ. సాయంత్రానికి బాడ్‌వాటర్ చేరాం. సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన, మైళ్ళ కొద్దీ తెల్లటి ఉప్పు. ఒంగోలు వైపు ఉప్పుమడులు చూసినవాళ్ళకి కూడా ఇది కొత్తే. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వానకి ఇక్కడ పెద్ద చెరువే నిలిచి, నెలల తరబడి ఉంది. అమ్మ చెప్పులు విప్పి ఉప్పు మీద నడిచింది. అంత నిశ్శబ్దం తన జన్మలో వినలేదంది.

మా ఆవిడకి రేస్‌ట్రాక్ మీద తమంతట తామే జరిగే రాళ్ళు చూడాలని ఉంది. పలచటి మంచు పలకలు గాలికి కదులుతూ వాటిని నెడతాయని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. కానీ అక్కడికి పాతిక మైళ్ళకు పైగా పదునైన రాళ్ళ దారి. స్టెప్నీ లేని కారుతో వద్దన్నాను. ఫొటోలతో సరిపెట్టుకుంది, ఇంకా సణుగుతూనే ఉంది.

మర్నాడు ఉదయం ఫర్నేస్ క్రీక్‌లో గేజి పెడితే మళ్ళీ అదే 42. కిందికి దిగినందుకు తగ్గాల్సిన ఒకటీ, పది డిగ్రీలు వెచ్చనైనందుకు పెరగాల్సిన ఒకటీ చెల్లుకి చెల్లు. అక్కణ్ణించి 5,475 అడుగుల డాంటేస్ వ్యూ ఎక్కాం. నిన్న మనం నిలబడ్డ ఉప్పునేల అరచేతి వెడల్పున కనిపిస్తుంది. గంటసేపు ఆగి టైర్లు చల్లారాక చూస్తే 43. ఎత్తు పెంచింది, చలి తగ్గించింది.

50 కొట్టించమన్న మిత్రుడికి నా జవాబు అక్కడే దొరికింది. అమెరికా ఇంధన శాఖ లెక్కలో పెట్రోలు కారుకి ఒక పి.ఎస్.ఐ. తగ్గితే మైలేజి 0.2 శాతం పోతుంది. ఎలక్ట్రిక్ కారుకి రెట్టింపు తేడా అనుకున్నా, 42ని 50 చేస్తే 200 మైళ్ళకి కలిసొచ్చేది ఆరేడు మైళ్ళు. బదులుగా టైరు నేలని ఆనే చోటు తగ్గుతుంది, గుంటలో పడితే నడుము విరుగుతుంది. 75లో వెళ్ళేవాళ్ళు 65కి తగ్గితే అంతకు మూడు నాలుగు రెట్లు మిగులుతుంది. అయిదుగురితో ఆ కారుని కొండపైకి ఎత్తడానికే పది కిలోవాట్ అవర్లు కావాలి. అక్కడ ఎనిమిది పి.ఎస్.ఐ. ఏ మూలకి?

దిగేటప్పుడు నాన్నగారు ముందు సీట్లోకి మారి తెర వైపే చూస్తూ కూచున్నారు. నేను బ్రేకు మీద దాదాపు కాలు పెట్టలేదు. బాటరీ తరగకపోగా ఫర్నేస్ క్రీక్ చేరేసరికి మూడు శాతం పెరిగింది.

"ఆ రోజుల్లో మా బస్సులకి ఇది ఉండుంటే శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఎన్ని బ్రేకు లైనింగులు మిగిలేవిరా!" అన్నారు.