పేరు దగ్గర ఆగింది

మా పేర్లు చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో ఏదో ఒక్క క్షణం ఆగుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. గోదావరిఖనిలో తక్కువ. బాయిలో దిగినవాళ్లందరూ పైకొచ్చేసరికి ఒక్క తీరే నల్లగా ఉంటారు కాబట్టి కావచ్చు. హైదరాబాద్ పోయి గది అద్దెకు అడిగినప్పుడు ఎక్కువ. ఫోన్లో మా తెలుగు విని "రండి బాబూ, చూసుకోండి" అన్నవాళ్లే, పోయాక పేరడిగి, కాసేపు ఊరుకుని, "నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అన్నారు. ఎక్కడ ఆగిందో మాకు తెలుస్తూనే ఉంటుంది. ఎందుకాగిందో వాళ్లు చెప్పరు.

ఇప్పుడు చెప్పబోయేది గది సంగతి కాదు. ఒక ల్యాప్‌టాప్ సంగతి. అదీ ఇట్లాగే ఆగింది.

మేం ఇద్దరం అన్నదమ్ములం. అబ్బా బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ డబ్బుల్లోంచే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. విండోస్ కొనే స్తోమత లేదు. దొంగ సీడీ వేయడం ఇష్టం లేదు. లైనక్స్ వేసుకున్నాం. 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది అది. ఊరికే వస్తుంది. లోపల ఎట్లా రాశారో ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. ఇక్కడ పేరూ ఊరూ ఎవరూ అడగరని సంబరపడ్డాం.

ఒకరోజు దాని కెర్నల్‌ని కొత్తదానికి మార్చాం. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గింజలాంటిది. మీట నొక్కాక అది ముందు లేచి మెమరీనీ, డిస్కునీ, కీబోర్డునీ, తెరనీ ఒక్కొక్కదాన్నే లేపుతుంది. మాది సగంలో ఆగింది. నల్లటి తెర. క్యాప్స్‌లాక్ నొక్కి చూశాం. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా ప్రాణముందని లెక్క. దానంతటదే మిణుకుమిణుకుమంటుంటే కెర్నల్ చేతులెత్తేసిందని లెక్క. మాది రెండూ చేయలేదు.

"ఇస్‌కు క్యా హువా రే?" అంది అమ్మీ.

పాత కెర్నల్‌ని ఎంచుకుంటే మిషను మామూలుగానే నడిచింది. దాంతోనే గడుపుకోవచ్చు. కానీ లోపాల దిద్దుబాట్లు రానురాను కొత్తవాటికే వస్తాయి. ఎన్నాళ్లని పాతదాంట్లో తలదాచుకుంటాం?

మొదట వచ్చే గ్రబ్ పట్టిక దగ్గర 'ఇ' నొక్కితే కెర్నల్‌కిచ్చే ఆదేశాల వరస కనిపిస్తుంది. అందులో 'క్వయట్' అనే మాట ఉంటుంది. చప్పుడు చేయకుండా లెమ్మని దానర్థం. నోరు తెరిస్తే గదా రోగం తెలిసేది. ఆ మాట తీసేశాం. తెల్లటి అక్షరాలు బిలబిలా పరుగెత్తాయి. అంతా ఇంగ్లీషే. ఆ నల్లతెర అక్షరాల పెట్టెలో 512 బొమ్మలకు మించి పట్టవు. ఒత్తులూ గుణింతాలూ వేసుకొచ్చే తెలుగు అక్కడ నిలబడదు. చేతులు పట్టుకుని కుడివైపు నుంచి నడిచే ఉర్దూ నిలబడదు. మా ఇంటి భాషలు రెండూ ఆ గడప బయటే.

అక్షరాలు ఆగిపోయిన చోట చివరి వరసలో యూఎస్‌బీ అని ఉంది. దొంగ దొరికాడనుకున్నాం. చౌరస్తాలో చవగ్గా కొన్న వైఫై పుల్ల ఒకటి తగిలించి ఉండె. దాన్ని పీకి, తిట్టి, మూలకు విసిరాం. మళ్లీ మీట నొక్కాం. మళ్లీ ఆగింది. ఈసారి చివరి వరస బ్యాటరీది. ఇంకోసారి చేస్తే ఇంకోటి. అప్పుడర్థమైంది. చివర కనబడ్డవాడు తన పని ముగించుకుని, చెప్పి పోయినవాడు. అడ్డం పడ్డవాడు అసలు నోరే విప్పలేదు. చివర కనబడ్డవాణ్ణి పట్టుకుని కేసు మూసేసే పద్ధతి ఎట్లాంటిదో మాకు ఒకరు చెప్పాలా? అయినా మా చేతికి అధికారం రాగానే మేమూ అదే చేశాం.

అబ్బా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. "ఐసా నక్కో రే. బిళ్లలు లెక్కవెట్టుండ్రి" అన్నాడు.

బాయిలో దిగేముందు ల్యాంపు రూములో టోకెన్ బిళ్ల ఇచ్చి టోపీ లైటు తీసుకుంటారు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. షిఫ్టు ముగిసినా బిళ్ల అక్కడే ఉందంటే ఆ మనిషి లోపలే ఉన్నాడని లెక్క. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. తిరిగి తీసుకోని బిళ్ల అంటే ఏమిటో మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

వెతికితే కెర్నల్‌లోనూ ఆ బిళ్లలున్నాయి. ఆదేశాల వరసలో 'ఇనిట్‌కాల్ డీబగ్' అని, ఏ మాటనూ దాచొద్దని 'ఇగ్నోర్ లాగ్‌లెవెల్' అని చేర్చాలి. అప్పుడు ఒక్కొక్క డ్రైవర్‌ని లేపేముందు 'కాలింగ్' అని పేరుపెట్టి పిలుస్తుంది. అది పని చేసి వస్తే 'రిటర్న్‌డ్' అని రాసి, ఎంత సమయం పట్టిందో కూడా వేస్తుంది. తెరను ఫోనుతో ఫోటోలు తీసి పిలుపులన్నీ ఒక నోట్‌బుక్కులో రాశాం. పక్కన వాపసు వచ్చినవాటికి టిక్కు పెట్టాం. చివరికి టిక్కు లేనిది ఒక్కటి మిగిలింది. తెరకు బొమ్మ వేసే గ్రాఫిక్స్ డ్రైవర్. దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దని 'నోమోడ్‌సెట్' అనే మాట చేర్చి లేపితే మిషను లేచింది. బొమ్మ మొరటుగా ఉన్నా లేచింది. మూలకు పోయి వైఫై పుల్లను తెచ్చి, తుడిచి, మళ్లీ తగిలించాం.

ఎవరో తెలిసింది. ఎందుకో తెలియలేదు. పాత కెర్నల్‌లో అదే డ్రైవర్ బాగానే పనిచేసింది గదా. రెండింటి మధ్య పదివేలకు పైగా మార్పులున్నాయి. అందులో ఏ ఒక్కటి చెడగొట్టింది?

"కేబుల్ తెగితే గజం గజం చూసుకుంట పోతరా? సగంల పట్టుకోండ్రి" అన్నాడు అబ్బా. "సగం దాక కరెంటున్నదా, తప్పు అవతల. లేదా, ఇవతల. మళ్ల అండ్ల సగం."

ఆయన బాయిలో చేసిన పనికే కంప్యూటర్ వాళ్లు 'బైసెక్ట్' అని పేరు పెట్టారు. కెర్నల్ మార్పులన్నిటినీ దాచిపెట్టే గిట్ అనే సాధనాన్ని 2005లో టోర్వాల్డ్సే రాశాడు. అందులోనే ఈ పద్ధతి ఉంది. పదివేలను సగం సగం చేసుకుంటూ పోతే 14 సార్లకు ఒక్కటి మిగులుతుంది. కానీ ప్రతిసారీ కెర్నల్‌ని కొత్తగా తయారుచేయాలి. మా మిషనుకు ఒక్కోదానికి ఒక రాత్రి పట్టేది. ఎండాకాలం. రామగుండం ఎండకు రాత్రిపూట గోడలు కూడా కాగేవి. ఫ్యానులో బొగ్గుపొడి. ల్యాప్‌టాప్‌ని కూలర్ ముందు పెట్టి మేం పక్కకు జరిగి పడుకున్నాం.

తొమ్మిదోసారి నిద్రమత్తులో మాలో చిన్నవాడు 'చెడ్డ' అని రాయాల్సిన చోట 'మంచి' అని రాశాడు. ఆ సంగతి తెలియక చివరిదాకా పోయాం. తేలిన మార్పు చూస్తే మా మిషనులో లేనే లేని ఒక సౌండ్ కార్డుది. పద్ధతి తప్పు కాదు. సాక్ష్యం ఒక్కటి తప్పు. ఆ ఒక్కదానికి ఏ సంబంధమూ లేనివాణ్ణి తెచ్చి బోనులో నిలబెట్టింది. తొమ్మిదోదానికి వెనక్కిపోయి మళ్లీ మొదలుపెట్టాం.

చివరికి దొరికింది. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కొన్ని వరసల మార్పు. కొత్త మిషన్ల కోసం రాసిందట. మాలాంటి పాత మిషను ఒకటుంటుందని రాసినవాళ్లకు గుర్తులేదు. పగతో చేసింది కాదు. లెక్కలోకి తీసుకోలేదు, అంతే. అయినా ఆగిపోయింది మాదే గదా.

నోట్‌బుక్కులోని సంగతంతా ఇంగ్లీషులోకి మార్చి ఆ డ్రైవర్ చూసేవాళ్లకు మెయిల్ పెట్టాం. కొన్ని రోజులకు ఒకాయన దిద్దుబాటు పంపి, పరీక్షించి చెప్పమన్నాడు. వేసి చూశాం. మిషను లేచింది. ఇంట్లో అందరం నవ్వాం. అమ్మీ సేమియా చేసింది.

ఆయన ఒక మాట అడిగాడు. దిద్దుబాటు కింద 'రిపోర్టెడ్ బై' అని, లోపం చెప్పినవాళ్ల పేరు రాస్తారట. ఏ పేరు రాయమంటారు?

మేం మెయిల్ పెట్టింది రెండక్షరాలు, నాలుగంకెలు కలిపిన ఒక ఉత్త గుర్తుతో. కావాలనే అట్లా పెట్టుకున్నాం.

"పొట్టి అక్షరాలు చాలు" అన్నాడు చిన్నవాడు. "రేపు ఉద్యోగమిచ్చేటోళ్లు పేరు కొట్టి చూస్తరు. ఎందుకొచ్చింది?"

"పని చూస్తరు గదా" అన్నాడు పెద్దవాడు.

"గదిచ్చేటోళ్లు మన తెలుగు విన్లేదా? పేరు దగ్గర ఆగలేదా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "మస్టర్ల పేరు వడకుంటె షిఫ్టంత చేసినా నాగా కిందనే లెక్క బేటా. దిగేటప్పుడు మీ బిళ్ల మీరే ఇచ్చి దిగాలె."

తాత పేరుతో కలిపి మూడు ముక్కల పేరు, ఒక్కటీ కుదించకుండా, ఇద్దరివీ రాసి పంపాం. తర్వాతి కెర్నల్‌లో ఆ దిద్దుబాటు చేరింది. మార్పుల చరిత్రను తెచ్చుకున్న ప్రతి మిషనులోకీ ఆ రెండు పేర్లూ పోతాయి. తీసేయాలన్నా తీయడం ఎవరివల్లా కాదు.

హైదరాబాద్‌లో మళ్లీ గది వెతుకుతున్నాం. ఇప్పుడు ఫోన్లో ముందు పేర్లే చెబుతున్నాం. ఆగేవాళ్లు అక్కడే ఆగుతున్నారు. మాకు బస్సు ఛార్జీలు మిగులుతున్నాయి.