పోచంపల్లిలో ఒక పూట

మా ఆవిడకు పోచంపల్లి అంటే చీర. నాకు పోచంపల్లి అంటే భూదానం. పదిహేనేళ్లుగా ఈ విషయంలో మాకు రాజీ కుదరలేదు. మొన్న వేసవి సెలవుల్లో మా మేనకోడలి పెండ్లికి పట్టుచీర పెట్టవలసి వచ్చింది. "మీ వినోబాను మీరు చూచుకోండి, నా చీర నేను చూచుకుంటాను" అని ఆవిడే దారి చూపించింది. అలా ఇద్దరమూ ఒకే బస్సెక్కాము.

హైదరాబాదుకు తూర్పున నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకప్పుడు నల్లగొండ జిల్లా; 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. దారి పొడుగునా ఇండ్లస్థలాలు అమ్ముతామనే బోర్డులే. ఎకరాల లెక్కన భూమి దానం చేసిన సీమలో ఇప్పుడు గజాల లెక్కన బేరాలు సాగుతున్నవి గదా అనుకొన్నాను.

ముందు నా పట్టుదలే నెగ్గింది. వినోబా మందిరానికి వెళ్లాము. 1951 ఏప్రిల్ 18న ఆయన ఈ ఊరికి నడిచి వచ్చాడు. అవి తెలంగాణా పల్లెలు రగులుతున్న రోజులు. 1946లో మొదలైన రైతాంగ సాయుధ పోరాటం ఇంకా విరమింపబడలేదు. పగలు పోలీసుల భయం, రాత్రి దళాల అలికిడి. ఆ నడుమ ఈ ఊరి హరిజనులు నలభై కుటుంబాలవారు, మాకు ఎనభై ఎకరాలు ఇప్పించండి అని వినోబాను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి, నేను నూరు ఎకరాలు ఇస్తానన్నారు. ఆ మాటతో పుట్టిన ఉద్యమం దేశమంతా నడిచి లక్షల ఎకరాలు సేకరించింది.

అయితే దానపత్రం వేరు, దున్నే చేను వేరు. వచ్చిన భూమిలో కొంత రాళ్లగుట్ట, కొంత కోర్టు వ్యాజ్యం. కొంత పంచబడనే లేదు. పంచటానికి, పంచినది నిలబెట్టటానికి చట్టం కావలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ భూదాన గ్రామదాన చట్టం వచ్చినది 1965లో. మంచి మనసు ఒక్క క్షణంలో ఇవ్వగలిగిన దానిని కాగితం మీద ఖాయం చేయటానికి పద్నాలుగేళ్లు పట్టింది.

"ఇక నా వంతు" అని మా ఆవిడ ఒక సందులోకి దారితీసింది. రెండు పక్కలా ఇండ్లలోనుంచి మగ్గాల చప్పుడు. ఒక ముంగిట్లో నడివయసు ఇల్లాలు ఆసు పోస్తున్నది. కొయ్యచట్రానికి గుంజలు; ఒక్కొక్క దారాన్నీ చేత్తో ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పటం, మళ్లీ తిప్పటం. ఒక్క చీరకు వేల పర్యాయాలు చెయ్యి ఆడాలి. ఆ తరువాత దారాన్ని లెక్క ప్రకారం కట్టలు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచుతారు. చీర మీద మనం చూచే పువ్వు మగ్గమెక్కకముందే నూలులో దాగి ఉంటుంది. దీనిని చిటికి పని అంటారు. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మేము చూచిన ఇంట ఆ యంత్రం లేదు.

లోపల గుంటమగ్గంలో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూచి నాడె ఆపాడు. మంచినీళ్లు తెప్పించాడు. మాటల్లో వెట్టిచాకిరీ ప్రస్తావన వచ్చింది. నిజాం కాలంలో తెలంగాణాలో దొరల ఇండ్ల పనివాళ్లకు సాలెవారు ఊరికే బట్టలివ్వవలసి వచ్చేది. నేసిన బట్ట తనదని చెప్పుకోలేనివాడు ఎంత నేర్పరి అయితే నేమి? వెట్టి పోయింది గనుకనే నేతకు ఒక వెల వచ్చింది. కాలేజీలో పాఠం చెప్పినట్లు ఈ సంగతి చెప్పి, మా ఆవిడ వైపు గర్వంగా చూచాను.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. "ఇంత కష్టం చూశాక బేరం ఎలా ఆడతామండీ? ఈసారి కొట్లో ఆడను" అన్నది ఆయనతో.

ఆయన నవ్వాడు. "అమ్మా, మీరు బేరం జేసినా జెయ్యకున్నా నా కూలి గంతే. నూలు షావుకారిది, రంగు షావుకారిది, చీర గూడ షావుకారిదే."

నా పాఠం అక్కడ ఆగిపోయింది. దొర పోయాడు, కాని పెట్టుబడి లేనివాడికి ఎవరో ఒకరు నూలు ఇవ్వాలి. అందుకే సహకార సంఘాలు పుట్టాయి. సంఘం వద్ద సొమ్ము ఆడినన్నాళ్లు నేతగాడు సభ్యుడు. ఆడనినాడు మళ్లీ కూలివాడు. కొన్ని రకాల బట్టలు మగ్గానికే ప్రత్యేకిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. తరువాత పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరినీ చేర్చింది. అన్నీ మంచివే. ఊరి పేరుకు రక్షణ దొరికింది. ఆ పేరు నిలబెట్టినవాడి కూలికి ఇంకా దొరకలేదు.

"మీ అబ్బాయి నేస్తాడా?" అని అడిగాను.

"పట్నంల కొలువు సారూ. నెల కాంగనే జీతం వస్తది" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు, సంతోషమూ లేదు. మళ్లీ నాడె అందుకొన్నాడు.

చీర కొన్నాము. కొట్టువాడు చెప్పిన ధర విని మా ఆవిడ బేరమాడలేదు గాని, "ఇందులో నేసినాయనకు ఎంత ముడుతుంది?" అని అడిగింది. అతడు కాసేపు మా ముఖాలు చూచి, టీ తెప్పించమంటారా అన్నాడు.

పెండ్లిలో ఆ చీర అందరూ మెచ్చుకొన్నారు. ఎవరు ధర అడిగినా, మా ఆవిడ ముందు ఆసు కథ, ఆపైన కూలి కథ చెప్పి, ఆ తరువాతనే ధర చెప్పింది.